రాత్రంతా కారో-కాన్ చదివితే, పొద్దున్న ఈ5 వచ్చింది

ప్రశ్న: మాది నరసన్నపేట. ఎరువుల కొట్టు నడుపుతాను. మా పాప తొమ్మిదో తరగతి, చదరంగంలో ఫిడే (ప్రపంచ చదరంగ సమాఖ్య) రేటింగ్ 1512. కిందటి దసరాకి ల్యాప్‌టాప్, ఆటలు వెతికి చూసే చెస్‌బేస్ సాఫ్ట్‌వేర్, ఆడిన ఆటలు పోగేసిన మెగా డేటాబేస్ కొనిచ్చాను. మొన్న విశాఖలో ఒక రేటింగ్ టోర్నమెంటు ఆడింది. ఆఖరి రౌండు పెయిరింగు (ఎవరికి ఎవరు ఎదురో చెప్పే జాబితా) ముందురోజు రాత్రే వచ్చేసింది. ఎదుటి అబ్బాయివి ఏడు ఆటలు దొరికాయి. ఎదుటివాళ్ళు ఈ4 (రాజు ముందు బంటు రెండు గళ్ళు) ఆడితే ప్రతిసారీ సీ6తో మొదలయ్యే కారో-కానే ఆడాడు. పాప రాత్రి ఒంటిగంట దాకా దాని మీదే కూర్చుంది. పొద్దున్న వాడు ఈ5 (తనూ రాజు ముందు బంటే రెండు గళ్ళు) ఆడాడు! పాప 24 ఎత్తుల్లో ఓడిపోయింది. ఎప్పుడూ ఆడే డీ3 వదిలేసి నాలుగో ఎత్తు నైట్ (గుర్రం) జీ5 ఎందుకు ఆడిందో తనకే తెలీదంటోంది. బస్సులో ఇంటిదాకా ఒక్క మాట లేదు. సాఫ్ట్‌వేర్ కొనడం దండగేనా, లేక మాకు వాడటం రాకనా? కోచ్ గారు అవన్నీ అటక మీద పెట్టెయ్యమంటున్నారు. విశాఖలో ఒక స్నేహితుడు ఇంకా పెద్ద ప్యాకేజీ కొనమంటున్నాడు. మా ఆవిడైతే వేరే పిల్లల ఆటలు ఇలా వెతకడమే తప్పు, పక్కింటి కుండలో ఏం ఉడుకుతోందో తొంగి చూడటంలాంటిదే అంటోంది. స్కోరుషీటు ఫొటో కూడా పంపుతున్నాను.

జవాబు: ముందు మీ ఆవిడ మాట తీసుకుంటాను. మిగతావి డబ్బు ప్రశ్నలు, ఆవిడది మర్యాద ప్రశ్న. అమ్మా, ఇంట్లో ఉడికే కూర వేరు, నలుగురి ముందు వడ్డించిన కూర వేరు. టోర్నమెంటులో ఆడిన ఆట వడ్డించేసిన కూరే. చదరంగం నియమాల్లో స్కోరుషీటు కూడా ఆటగాడి సొత్తు కాదు, నిర్వాహకులది. గోదాలోకి దిగే వస్తాదు ఎదుటివాడి పట్టు ఏమిటో ముందే చూసుకునేవాడు. కోడి రామ్మూర్తి పేరున స్టేడియం పెట్టుకున్న జిల్లా మనది, మనకి ఇది కొత్తగా చెప్పాలా? పాత ప్రపంచ ఛాంపియన్ బోత్విన్నిక్ కంప్యూటర్లు లేని రోజుల్లోనే ప్రత్యర్థుల ఆటలు కూడబెట్టి, ఎవరి బలం ఏమిటో, ఎవరి బలహీనత ఏమిటో రాసుకునేవాడు. 1972 ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్‌లో అమెరికా ఆటగాడు ఫిషర్, తన ప్రత్యర్థి, రష్యావాడు స్పాస్కీ ఆటలున్న ఎర్ర అట్ట పుస్తకం చంకలో పెట్టుకునే తిరిగేవాడు. కాబట్టి చూడటం తప్పు కాదు.

తప్పు ఎక్కడ మొదలవుతుందో కూడా చెబుతాను. వేరే పేరుతో అకౌంటు తెరిచి, ఎదుటి పిల్లాడితో ఆన్‌లైన్‌లో ఆడి వాడి లోగుట్టు లాగడం తప్పు. వాడి స్నేహితుణ్ణి సమోసా పెట్టి అడగడం తప్పు. (నవ్వకండి, చూశాను.) ఇక ఆట మొదలయ్యాక నోట్సు చూడటం, ఫోను దగ్గర పెట్టుకోవడం తప్పు కూడా కాదు, నేరం. ఆటే పోతుంది.

ఇప్పుడు మీ ఫొటో. అందులో నేను ముందు చూసింది ఎత్తులు కాదు, పక్కన పాప రాసుకున్న టైము. గడియారంలో ఎంత మిగిలిందో ప్రతి ఎత్తు పక్కనా రాసుకునే అలవాటు నేర్పిన కోచ్ ఎవరో గానీ, ఆయనకి దండం. మొదటి ఎత్తు పక్కన 90 ఉంది. రెండో ఎత్తు పక్కన 80 ఉంది. అంటే అబ్బాయి ఈ5 ఆడాక, నైట్‌ని ఎఫ్3లో పెట్టడానికి మీ పాప పది నిమిషాలు ఆలోచించింది. ఆ ఎత్తు తను నిద్దట్లో లేపి అడిగినా వేస్తుంది. ఆ పది నిమిషాలూ తను నైట్ గురించి ఆలోచించలేదు. రాత్రి ఒంటిగంట గురించి ఆలోచించింది.

తర్వాత అంతా ఆ కోపమే ఆడించింది. ఐమూలగా నడిచే బిషప్ సీ4కి వెళ్ళింది, అబ్బాయి నైట్ ఎఫ్6 ఆడాడు, వెంటనే పాప నైట్ జీ5. త్వరగా కొట్టెయ్యాలన్న ఆత్రం. వాడు డీ5 తోశాడు, పాప బంటుతో కొట్టింది. అక్కడ వాడు నైట్‌తో డీ5లో తిరిగి కొట్టి ఉంటే పాప రాజు పక్కనున్న ఎఫ్7 మీద పడి పండగ చేసుకునేది. వాడు రెండో నైట్‌ని ఏ5లో పెట్టాడు. అదే సరైన ఎత్తు. బంటు పోయినా నల్లవాడి పావులన్నీ చకచకా బయటికొస్తాయి, తెల్లవాళ్ళు వెనక్కి వెనక్కి జరగాలి. ఈ లైను ఆడకూడనిదేం కాదు, పెద్దవాళ్ళే ఆడతారు. కానీ ఇంట్లో ఒక్కసారీ ఆడి చూడనిది, కోపంలో మొదలుపెట్టే లైను కాదిది.

కాబట్టి ఓడించింది చెస్‌బేస్ కాదు. అలాగని చెస్‌బేస్‌కి సంబంధం లేదని కూడా అనను.

ఈ సరుకు ఎవరి కోసం పుట్టిందో తెలిస్తే దాన్ని ఎలా వాడాలో తెలుస్తుంది. 1985లో గ్రాండ్‌మాస్టర్ కాస్పరోవ్ జర్మనీలోని హాంబర్గ్ జట్టులోని ఎనిమిది మందితో ఒకేసారి ఆడి మూడున్నర – నాలుగున్నరతో ఓడిపోయాడు. 1987లో అక్కడికే మళ్ళీ వెళ్ళాడు. ఈసారి అప్పుడే తయారవుతున్న చెస్‌బేస్‌లో ఆ ఎనిమిది మంది ఆటలూ ముందే తిరగేసి వెళ్ళాడు. 7–1. భలే కథ, సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి! కానీ అందులో రెండు సంగతులున్నాయి. ఆ ఎనిమిది మందీ పెద్ద లీగుల్లో ఆడేవాళ్ళు, వాళ్ళ ఆటలు అచ్చులో దొరికేవి. రెండోది, చూసినదాంతో ఏం చెయ్యాలో కాస్పరోవ్‌కి తెలుసు.

మెగా డేటాబేస్‌లో ఇప్పుడు కోటికి పైగా ఆటలున్నాయి. కోటి అనగానే మనకి అందరూ అందులో ఉంటారనిపిస్తుంది. విశాఖలో ఇరవై ఏడో బోర్డు మీద ఆడే 1500 రేటింగ్ పిల్లాడు ఎలా వస్తాడందులోకి? ఎత్తుల్ని తనంత తనే పట్టుకునే డిజిటల్ బోర్డులు పెట్టేదే కొన్ని టోర్నమెంట్లలో, అదీ పై బల్లల మీద. మిగతావన్నీ స్కోరుషీటు కింది కార్బన్ కాపీలోనే ఉంటాయి. ఆ కాపీ స్కూలు బ్యాగులో, లెక్కల పుస్తకానికీ టిఫిన్ డబ్బాకీ మధ్య నలుగుతుంటుంది. మీకు ఏడు దొరకడమే ఎక్కువ. ఆ ఏడింట్లో వాడు నల్లపావులతో ఆడినవి ఎన్ని? ఏ ఏడాదివి? రాష్ట్రస్థాయి అండర్-11లో ఆడినవైతే ఆ పిల్లాడు ఇప్పుడు లేనట్టే లెక్క. మీసం మొలిచేలోగా మూడు ఓపెనింగులు (ఆట మొదలుపెట్టే పద్ధతులు) మారతాయి వీళ్ళకి. తేదీ చూడకుండా ఆట చూడకూడదు. ఏడాది దాటినదాన్ని నేను వదంతి కిందే జమకడతాను.

ఇంకో చిక్కుంది, అది అచ్చంగా మన తెలుగువాళ్ళ చిక్కు. ఒకే పిల్లకి ఒక టోర్నమెంటులో ఇంటిపేరు పూర్తిగా రాస్తారు, ఇంకోదాంట్లో పొడి అక్షరం. ఒకచోట లక్ష్మిని ‘ఎక్స్’తో రాస్తారు, ఇంకోచోట ‘కేఎస్‌హెచ్’తో. డేటాబేస్‌కి ఆ ఒక్క పిల్లే ముగ్గురు మనుషులు. ఇటుపక్క, మన జిల్లాల్లో సాయి పేరున్న పిల్లల్ని ఒకచోట నిలబెడితే విజయనగరం అయోధ్యా మైదానం నిండిపోతుంది. వీళ్ళలో ఇద్దరు ముగ్గురిని డేటాబేస్ ఒకడే అనుకుంటుంది. నేనే ఒకసారి నా శిష్యుణ్ణి రెండు గంటలు కూర్చోబెట్టి, కింగ్స్ ఇండియన్ అనే ఓపెనింగుకి మందు నూరి పోశాను. తీరా బల్ల దగ్గరికెళ్తే అవతల కూర్చున్నది వేరే సాయి. ఎత్తులోనూ తేడా, వయసులోనూ తేడా. మావాడు నా వైపు చూసిన చూపు ఇంకా మర్చిపోలేదు. అప్పట్నుంచి పేరుతో వెతకడం మానేశాను. పెయిరింగు షీటులో పేరు పక్కనే ఫిడే ఐడీ ఉంటుంది, దాంతో ఫిడే సైటులో పుట్టిన ఏడాది, రేటింగు చూసి, ఆ తర్వాతే డేటాబేస్‌లోని పేరు ఇతనిదేనా అని పోల్చుకోవాలి.

రేటింగు చూసి కూడా బోల్తా పడొద్దు. 2024 మార్చిలో ఫిడే కనీస రేటింగును 1000 నుంచి 1400కి పెంచింది, 2000 లోపు వాళ్ళందరి రేటింగులూ ఒక్కసారి పైకి జరిపింది. దాంతో నిన్న మొన్న ఆట మొదలుపెట్టినవాడూ, మూడేళ్ళుగా నలిగినవాడూ 1400కీ 1550కీ మధ్య కిక్కిరిసి ఉన్నారు. మీ పాపా అందులోనే ఉంది. అక్కడ 1460 అంటే ఏమిటో బల్ల దగ్గర కూర్చుంటేగానీ తెలీదు. అన్నట్టు, ఓడిపోయిందని బెంగపడకండి. ఆ వయసు పిల్లలకి సమాన రేటింగు వాడి మీద ఓడితే పోయేవి 20 పాయింట్లు, ఇంకో సమానుణ్ణి గెలిస్తే వచ్చేవీ 20.

ఇక డేటాబేస్ చూపించే శాతాలు. ఏ ఎత్తు పక్కన చూసినా తెల్లకి ఇంత, నల్లకి ఇంత అని రంగు పట్టీ గీస్తుంది. పిల్లలు దాన్ని జాతకంలా నమ్ముతారు. ఒక ఎత్తు పక్కన నూటికి నూరు అని ఉంటే, ఆడినవి ఎన్ని ఆటలో చూడండి. రెండే ఉంటాయి. ఆ రెండూ ఒక గ్రాండ్‌మాస్టర్ తనకంటే 500 పాయింట్లు తక్కువ వాళ్ళ మీద ఆడినవై ఉంటాయి. ఆ గ్రాండ్‌మాస్టర్ ఏ ఎత్తు ఆడినా గెలిచేవాడే. ఎత్తు గొప్పతనం ఏముంది అందులో?

మరి ఎలా చూడాలి? నేను నా పిల్లలకి పెట్టే గడువు ఇరవై నిమిషాలు. ఫోనులో అలారం పెట్టి మరీ. చిన్న టోర్నమెంట్లలో రోజుకి రెండు మూడు రౌండ్లుంటాయి. ముందు రౌండులో ఆఖరి ఆట ముగిస్తేగానీ తర్వాతి పెయిరింగు రాదు, అది వచ్చేసరికి చేతిలో పులిహోర పొట్లం ఉంటుంది. ఇరవై నిమిషాలకి మించి ఎలాగూ ఉండదు. కాబట్టి ముందురోజు రాత్రే పెయిరింగు వచ్చినా అంతే సమయం. మిగతాది నిద్ర.

ఆ ఇరవై నిమిషాల్లో తేల్చుకోవాల్సింది ఒకే ఒక్కటి: రేపు నాకు తెలిసిన దారుల్లో దేంట్లో వెళ్ళాలి? కొత్త దారి కాదు, తెలిసినవాట్లోనే. మీ పాపకి కారో-కాన్ మీద ఒక పద్ధతి ముందే వచ్చి ఉంటే ఆ రాత్రి దాన్ని ఒకసారి తిరగేసుకుని పడుకోవాలి. రాకపోతే ఆ రాత్రి నేర్చుకోకూడదు, నెల తర్వాత తీరిగ్గా నేర్చుకోవాలి. ఒక ఉదాహరణ చెబుతాను, పాపకి చూపించండి. తెల్ల ముందు, నల్ల తర్వాత: ఈ4 సీ6, డీ4 డీ5, ఈ5 బిషప్ ఎఫ్5. ఇక్కడ తెల్లవాళ్ళు హెచ్4 అని అంచు బంటుని తోస్తారు. చూడ్డానికి పిచ్చి ఎత్తులా ఉంటుంది. నల్లవాడు అలవాటు కొద్దీ ఈ6 అన్నాడా, జీ4. బిషప్ ఈ4కి వెళ్తే ఎఫ్3, జీ6కి వెనక్కొస్తే హెచ్5. ఇక బిషప్‌కి దారి లేదు. సీ2 బంటుని తిని చావాలి. అందుకే తెలిసినవాడు నాలుగో ఎత్తుకే హెచ్5 అనో హెచ్6 అనో ఆడి బిషప్‌కి చోటు చేసుకుంటాడు. ఎదుటివాడి ఆటల్లో మీరు వెతకాల్సింది ఇలాంటి ఒక్క చోటు. వాడు హెచ్4ని ఎప్పుడైనా ఎదుర్కొన్నాడా? ఎదుర్కొంటే ఏం ఆడాడు, ఎక్కడ ఎక్కువ సేపు తడబడ్డాడు? రెండు ఆటల్లో ఆ చోటు దొరికితే అదే చాలు, పద్దెనిమిదో ఎత్తు దాకా కంఠతా పట్టక్కర్లేదు.

ఇంకో మాట, ఇది పడుకోబోయే ముందు పాప నోటితో అనిపించండి: “వాడు అది ఆడకపోతే నేను మామూలుగా ఆడతాను.” ఈ5 వస్తే తన ఇటాలియన్ ఓపెనింగు తనకుందిగా! సరిగ్గా చూస్తే వాడు ఈ5 ఆడినప్పుడు పాప సంతోషించాలి. రోజూ ఆడేదే వచ్చింది. బస్సు కోసం పరిగెత్తితే మన ఊరి బస్సే ఎదురొచ్చినట్టు.

అసలు వాడు ఆ రోజు ఈ5 ఎందుకు ఆడాడో ఆలోచించారా? వాడి తండ్రి దగ్గరా ల్యాప్‌టాప్ ఉండొచ్చు. మీ పాప ఆటలూ ఎవరికో దొరికే ఉంటాయి. ఫిషర్ సంగతి చెప్పాను కదా. ఆ 1972 మ్యాచ్‌లోనే ఆరో ఆటలో, దాదాపు జీవితమంతా ఈ4 ఆడినవాడు సీ4 ఆడి రష్యా వాళ్ళని తికమక పెట్టాడు. తన గురించి ఎదుటివాళ్ళకి ఏం తెలుసో వాడికి తెలుసు కాబట్టి ఆడగలిగాడు. మీ పాప గురించి డేటాబేస్ ఏం చెబుతోంది? ఇవాళ సాయంత్రం కొట్టు కట్టేశాక పాపని కూర్చోబెట్టి, తన పేరే కొట్టి చూడమనండి. ఆన్‌లైన్‌లో సొంత పేరుతో ఆడుతోందా? లిచెస్ అనే చదరంగం సైటులో ఎవరి ఐడీ కొట్టినా, ఆ మనిషి ఏ ఎత్తు ఎన్నిసార్లు ఆడాడో ఓపెనింగ్ ఎక్స్‌ప్లోరర్ విప్పి చూపిస్తుంది, ఉచితంగా. ఇంటిపేరుతో సహా ఐడీ పెట్టుకుంటే మన కుండ మనమే మూత తీసి వీధిలో పెట్టినట్టు. మీ ఆవిడకి ఈ ముక్క చెప్పండి, నచ్చుతుంది. ఐడీ మార్చేయండి. ఆడపిల్ల, చదరంగం సంగతి అలా ఉంచినా అది మంచిదే.

అయితే డేటాబేస్‌లో దొరికేవి పాప ఆటల్లో నాలుగో ఐదో ఉంటాయి. మిగతావన్నీ మీ ఇంట్లోనే ఉన్నాయి, కార్బన్ కాపీల్లో. చాలా ఇళ్ళలో వాటిని అమ్మలే దాస్తారు, బీరువాలో చీరల కింద. అడగండి. మీ వేల రూపాయల సాఫ్ట్‌వేర్‌కి అసలు పని అక్కడుంది. ఆ ఆటలన్నీ పాప చేత్తోనే ఎక్కించాలి. మీరు ఎక్కించొద్దు, కొట్టులో కుర్రాడి చేత అసలే వద్దు. ఎక్కిస్తుంటే “ఇక్కడ నేను భయపడ్డాను”, “ఇక్కడ టైము చూసుకోలేదు” అని తనకే గుర్తొస్తుంది, అది పక్కన తెలుగులోనే ఒక ముక్క రాయాలి. ఇంజిన్ (ఎత్తుల్ని లెక్కకట్టి చెప్పే ప్రోగ్రాం) ఆపేసి ఉంచాలి. స్టాక్‌ఫిష్ లాంటి ఇంజిన్ ఆన్ చేస్తే పిల్ల ఆలోచించడం మానేసి అంకెలు చదవడం మొదలుపెడుతుంది. గుకేశ్‌ని అతని కోచ్ విష్ణు ప్రసన్న చాలాకాలం ఇంజిన్లకి దూరంగా పెట్టారు. ఆ అబ్బాయి 2024లో ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు. మీ కోచ్ గారు అటక మాట అంటున్నది ఈ భయంతోనే అనుకుంటాను. ఆయన సగం రైటు. ఇంజిన్‌ని అటకెక్కించండి, డేటాబేస్‌ని దింపండి. పాప తన ముక్కలు రాసుకున్నాక ఆయన పక్కన కూర్చుని ఇంజిన్ తెరిస్తే ఎవరికీ నష్టం లేదు.

బొబ్బిలి నుంచి ఒక కుర్రాడు నా దగ్గరికొచ్చేవాడు. నాకు సిసిలియన్ ఓపెనింగు రావట్లేదు సార్, పుస్తకం చెప్పండి అని ప్రాణం తీసేవాడు. ముందు నీ ఆటలు ఎక్కించరా అన్నాను. గునిసి గునిసి అరవై మూడు ఎక్కించాడు. నల్లతో ఓడినవి విడిగా తీసి చూశాం. సిసిలియన్‌లో ఇరవయ్యో ఎత్తు దగ్గర వాడు చాలావాట్లో బాగానే ఉన్నాడు, కొన్నిట్లో గెలుపు మీదే ఉన్నాడు. పోయిందంతా ముప్పై దాటాక, ఇద్దరికీ చెరో రూకూ నాలుగు బంట్లూ మిగిలాక. వాడికి రూక్ ఎండ్‌గేమ్ రాదు. అంతే. రెండేళ్ళుగా తప్పు తలుపు కొడుతున్నాడు. ఇది ఏ మెగా డేటాబేస్‌లోనూ లేదు, వాడి గళ్ళ సంచీలో ఉంది.

మీ స్నేహితుడు చెప్పిన పెద్ద ప్యాకేజీ వద్దు. ఉన్నదే పదేళ్ళకి సరిపడా ఉంది. ఇది చదువుతున్న మిగతావాళ్ళు, ఇంకా ఏమీ కొననివాళ్ళు, కొనకండి. స్కిడ్ అని ఉచిత డేటాబేస్ ప్రోగ్రాం ఉంది, పాత కంప్యూటరులోనూ నడుస్తుంది. ‘ది వీక్ ఇన్ చెస్’ వాళ్ళు 1994 నుంచి ప్రతి వారం ప్రపంచంలోని పెద్ద టోర్నమెంట్ల ఆటలు పీజీఎన్ ఫైలుగా ఉచితంగా ఇస్తున్నారు, దాన్ని అందులో వేసుకోవచ్చు. పీజీఎన్ అంటే భయపడకండి, నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకునే మామూలు అక్షరాల ఫైలు. పిల్ల సొంత ఆటలకి, లిచెస్‌లో ఆటలు రాసిపెట్టుకునే ‘స్టడీ’ చాలు. మిగిలిన డబ్బు రెండు టోర్నమెంట్ల ఎంట్రీ ఫీజుకీ విశాఖ బస్సు ఛార్జీలకీ వస్తుంది.

షీట్లు ఎక్కించడం పాతవాటితో మొదలుపెట్టండి. ఆ పల్చటి కాపీల మీద నీలం అక్షరం ఎండ తగిలితే వెలిసిపోతుంది, రెండేళ్ళ కిందటివి ఈపాటికే సగం కనిపించవు. ఏడో, ఒకటో తెలీనిచోట ఊహించి రాయొద్దు. బోర్డు పెట్టి రెండు రకాలుగానూ ఆడి చూస్తే, ఏది కుదిరే ఎత్తో పాపకే తెలిసిపోతుంది. అన్నిటికంటే ముందు మొన్నటి ఆఖరి రౌండు షీటు మాత్రం పక్కన పెట్టండి, అది ఓ రెండు వారాలాగి ఎక్కిస్తుందిలెండి.